ఆడవాళ్ల వైపు గోడ

గోడలకు చెవులుంటాయని మనవాళ్లు ఎప్పటినుంచో అంటున్నారు. విన్నదాన్ని ఆ గోడలు ఏం చేసుకుంటాయని మాత్రం ఎవరూ అడగలేదు. సువర్చల అడిగింది. అడిగి ఊరుకోకుండా పదకొండేళ్లు దాని వెంటపడింది. చివరికి నలభై నాలుగో ఏట, బందరులో ఒక పాత సినిమాహాలు గోడ ముందు ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, ఎనభై ఏళ్ల కిందట ఒక హాలెడు జనం పగలబడి నవ్విన నవ్వు హెడ్‌ఫోన్లలో విని, పక్కనున్న మస్తాన్ మేస్త్రి భుజం పట్టుకుని ఊపేసింది. డెబ్బై ఏళ్ల మనిషి, పడిపోతానమ్మా అన్నాడు గాని ఆయన ముఖమూ వెలిగిపోయింది.

సంగతేమిటంటే, పాతకాలం సున్నపు పూత సిమెంటులా ఒక్కపూటలో బిగిసిపోదు. గాలి పీల్చుకుంటూ, పైనుంచి లోపలికి, రోజుకో వెంట్రుక మందాన రాయిగా మారుతుంది. అలా మారుతున్నప్పుడు గదిలో ఎవరు మాట్లాడినా ఆ మాట వణుకు కొత్తగా పుడుతున్న రాతిపలుకుల వరసలో నిలిచిపోతుంది. గానుగలో తిప్పిన సున్నానికి బెల్లం నీళ్లు, కరక్కాయ రసం కలిపితే పూత ఇంకా నెమ్మదిగా, ఇంకా తీరుగా ఆరుతుంది. ఈ చివరి ముక్క సువర్చల కనిపెట్టింది కాదు, మస్తాన్ మేస్త్రి చెప్పింది. ఈ హాలు గోడలకు పూత పెట్టినవాళ్లలో ఆయన తాత ఒకడు. ఆయనకు ఆ పాళ్లు నోటికి వచ్చు.

గోడను చదివే యంత్రానికి కాగితాల మీద గజం పొడుగు పేరుంది. హాల్లో అందరూ దాన్ని చెవిపెట్టె అనేవారు. బియ్యం డబ్బా అంత ఉంటుంది. గోడకు ఆనించి బిగిస్తే బొటనవేలి వెడల్పున పూతను పొడి చేస్తూ ఇటుక దాకా పోతుంది. పోతూ పోతూ రాతిలోని వణుకును చదువుతుంది. చదివిన మేరకు గోడ పొడైపోయి కింద కట్టిన గోనెసంచిలో పడుతుంది. మళ్లీ చదువుదామంటే ఉండదు.

ఒక్క రోజు చప్పుడు ఒక్క చోట మరీ పీలగా ఉంటుంది, చెవికి ఆనదు. దానికి సువర్చల ఒక ఉపాయం చేసింది. ఈ హాలు తెరిచినప్పుడు గోడలింకా పచ్చిగానే ఉన్నాయి. యజమానికి ఆగే ఓపిక లేక పచ్చి గోడల మధ్యే బొమ్మ వేసేశాడు. గోడకు జారగిలబడ్డవాళ్ల చొక్కాలకూ చీరలకూ సున్నం అంటుకుని ఊళ్లో పెద్ద గొడవైందట. పూత ఇటుక దాకా ఆరడానికి నలభై ఒక్క రోజులు పట్టింది, ఆ నలభై ఒక్క రోజులూ రోజుకొక ఆట చొప్పున ఒకే బొమ్మ ఆడింది. రోజూ ఒకేలా వచ్చేది బొమ్మకు సంబంధించింది, రోజుకో రకంగా వచ్చేది జనం గోల. అన్ని రోజుల్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి కూడితే ఒకేలా ఉన్నది గట్టిపడుతుంది, మారుతూ పోయేది చెదిరి రొదగా మిగిలిపోతుంది. ఈ కూడికను పెట్టె గోడ దగ్గరే చేసేసి, ఫలితం మాత్రం దాచుకునేది. విడివిడి రోజుల్ని దాచడానికి చోటు చాలదు. దాచాల్సిన అవసరమూ లేదని సువర్చల అనుకుంది. ఆ ఉపాయానికి బోలెడు మెచ్చుకోళ్లు వచ్చాయి.

ఆ బొమ్మ పేరు ‘నీళ్లు నిండేదాకా’. మాటల్లేని కాలంనాటి నవ్వుల ప్రేమకథ, ఏడు రీళ్లు. దాని ప్రింటు ఒక్కటి కూడా ఇప్పుడు ఎక్కడా లేదు. ఒక్క ఛాయాచిత్రం కూడా లేదు. కాని ఆ రోజుల్లో తెర పక్కన నిలబడి కథ చెప్పడానికి వ్యాఖ్యాత ఉండేవాడు. ఈ హాల్లో ఆ పని పుల్లంరాజు అనే నాటకాలాయన చేశాడు. గుక్క తిప్పుకోకుండా, రోజూ అక్షరం పొల్లుపోకుండా అవే మాటలు చెప్పాడు. అందుకని మగవాళ్ల వైపు గోడ నుంచి పుల్లంరాజు గొంతు గంటలా వచ్చింది. ఆయన వెనక హార్మోనియం, ఆ వెనక ప్రొజెక్టరు తిప్పుడు చప్పుడు. వాటి మధ్య ఎక్కడ నవ్వారో, ఎక్కడ ఊపిరి బిగబట్టారో అంతా తెలిసిపోతోంది. కంటికి తప్ప దేనికీ పనికిరాదనుకున్న మూకీ బొమ్మ చెవిలోంచి తిరిగి రావడం లోకంలో అదే మొదటిసారి. హైదరాబాదులోని సువర్చల సంస్థవాళ్లు అప్పుడే సభకు రోజు కూడా పెట్టేసుకున్నారు.

ఈ హాలును ఎంచుకోవడానికి పచ్చి గోడలు ఒక కారణం. రెండో కారణం సువర్చల దరఖాస్తులో రాయలేదు. ఆ బొమ్మ ఒక నవలలోంచి తీసింది. ఆ నవల రాసింది సువర్చల అమ్మమ్మ చూడామణికి తల్లి, పేరిందేవి.

చూడామణి ఈడేపల్లిలో ఉంటుంది. ఎనభై నాలుగేళ్లు. బెజవాడ టెలిఫోను ఎక్స్ఛేంజిలో ముప్పై నాలుగేళ్లు ఆపరేటరుగా చేసి వచ్చింది. ఆవిడ చెవి మాత్రం ఇంకా పదవీ విరమణ చేయలేదని ఇంట్లోవాళ్లు వేళాకోళం చేస్తుంటారు. గోడ చదివే నాలుగు నెలలూ సువర్చల ఆవిడ దగ్గరే దిగింది. పొద్దుటే కాఫీ తాగి హాలుకు వెళ్లడం, సాయంత్రం ఒంటినిండా సున్నంతో రావడం. ‘దెయ్యంలా ఉన్నావు, పెరట్లోకి నడు’ అని అమ్మమ్మ వేణ్ణీళ్లు తోడేది. గోడ ఏం చెప్పిందని మాత్రం అడిగేది కాదు.

అడగకపోవడానికి కారణం ఉంది. తల్లి పోయేనాటికి చూడామణికి నాలుగేళ్లు. ముఖమూ గుర్తులేదు, గొంతూ గుర్తులేదు. మేనత్త పెంచింది. మేనత్త చెప్పిన కథ ఇది: పేరిందేవి నవల రాసింది, అచ్చయింది, బాగానే ఉంది. బొమ్మవాళ్లు వచ్చి అడిగితే మురిసిపోయి ఇచ్చింది. వాళ్లు చివర్లో ఏదో మార్చి ఆవిడ పరువు తీశారు. బొమ్మ ఆడినన్నాళ్లూ రోజూ హాలుకు వెళ్లి కళ్లు ఎర్రగా చేసుకుని వచ్చేది. అప్పటినుంచి కాగితం మీద ఒక్క ముక్క రాయలేదు. ఆ ఏడే విషజ్వరం వచ్చి పోయింది. జ్వరం పేరుకే, బెంగతో పోయింది అనేది మేనత్త. చివర్లో ఏం మార్చారని అడిగితే, తాను ఆ బొమ్మ చూడలేదనీ, చూసినవాళ్లు చెప్పడానికి కూడా సిగ్గుపడ్డారనీ అనేది. చూడామణి ఎనభై ఏళ్లు ఆ మాట మోసింది. ఒక్క సినిమా చూడలేదు. తల్లి నవల ఒక్కటే పెట్టెలో అడుగున ఉంది, అదీ అట్ట ఊడిపోయి.

నవలలో కథ చాలా ముచ్చటగా ఉంటుంది. బందరు కాలువ మీద రెండు పడవలు. ఒకదాంట్లో ఫిడేలు నేర్చుకోవడానికి బెజవాడ వెళ్లే రాజ్యం, ఇంకోదాంట్లో బందరు బడిలో చెప్పడానికి వచ్చే మాధవరావు. ప్రతి సోమవారం రెండు పడవలూ లాకు దగ్గర ఎదురుపడతాయి. లాకులో నీళ్లు నిండి తలుపులు తెరిచేదాకా ఉన్న పావుగంటే వాళ్ల ప్రేమకు వ్యవధి. లాకు కాపరి అప్పన్న ఆ పావుగంటను ఏదో వంకన అరగంట చేస్తుంటాడు. ఆఖరున రాజ్యం తండ్రి లాకు గట్టుకే వచ్చి నిలదీస్తే ఆ పిల్ల తల వంచదు, తప్పయిందనదు. తనకేం కావాలో నిలబడి చెబుతుంది. తండ్రి గట్టు మీద కూలబడి నవ్వేస్తాడు. ఆ కాలంలో అలాంటి పిల్లను రాయడానికి గుండె కావాలి. సువర్చల ఆ పుస్తకం చదివిన ప్రతిసారీ తాతమ్మను తలుచుకుని ఎంతో గర్వపడేది.

ఆరు రీళ్లు తేలాయి. ఏడోది తేలడం లేదు. చివరికొచ్చేసరికి హాలంతా ఒకటే గోల, ఆ గోలలో పుల్లంరాజు మునిగిపోతున్నాడు. మగవాళ్ల వైపు గోడ అప్పటికే అయిపోయింది. హాలుకు మధ్యలో నిలువునా గుడ్డతెర కట్టి రెండోవైపు ఆడవాళ్లను కూర్చోబెట్టేవారు. ఆ వైపు గోడ కూడా చదివితే గొంతు గట్టిపడుతుందని పెట్టెను అటు మార్చారు. అక్కడ పుల్లంరాజు గొంతు పీలగా వచ్చింది. దాని మీద దట్టంగా రొద, చెదిరిపోయిన జనం గోల. సువర్చల ఆ రొదను జల్లెడ పట్టి తీసేసేది, మిగిలిన దాన్ని పుల్లంరాజుకు కలిపేది. మూడు వారాల్లో ఆ గోడ కూడా అరిగి మూడు గజాలే మిగిలింది. ఏడో రీలు ఒడ్డుకొస్తోంది. మూడు గజాలూ అయిపోతే చివర తెలిసిపోతుందని లెక్క తేలింది.

ఒక ఆదివారం సువర్చల భోజనాల బల్ల మీద కంప్యూటరు పెట్టుకుని, తీసేసిన రొద ఎంత శుభ్రంగా వచ్చిందో చూసుకుంటోంది. బల్లకు అటువైపు చూడామణి గోరుచిక్కుళ్లకు ఈనెలు తీస్తోంది. స్పీకరులోంచి ఈగల మూకలాంటి మోత వస్తోంది. ఆవిడ చేతులు ఆగిపోయాయి. అదేమిటని అడిగింది. అది చెత్త అమ్మమ్మా, ఆడవాళ్ల వైపు గోల, పారేసేదే అని చెప్పింది సువర్చల.

“మళ్లీ పెట్టు.”

పెట్టింది. చూడామణి కళ్లు మూసుకుని రెండు నిమిషాలు విన్నది.

“గోల కాదే ఇది. ట్రంకు లైన్లలో నాలుగూళ్ల మాటలు కలగాపులగంగా వచ్చిపడేవి. మాట తెలియకపోయినా మాట్లాడేది ఒక్కరా, పదిమందా అన్నది తెలిసేది. ఇది ఒక్క మనిషి. ఒక్క ఆడమనిషి.”

సువర్చల నవ్వబోయి ఆగింది. ఎక్స్ఛేంజిలో ఎవరు దగ్గినా ఏ ఊరి సబ్‌స్క్రైబరో చెప్పేదని పేరున్న చెవి అది. ఇంకా నమ్మకం కుదరక, ఆ రొదను ముక్కలు చేసి గొంతు స్థాయి కొలిచింది. ఎక్కడ కొలిచినా అదే గొంతు. నలభై ఒక్క రోజులూ అదే మనిషి, మొదటి రీలు నుంచి ఏడో రీలు దాకా ఆగకుండా మాట్లాడింది. రోజూ మాట్లాడింది గాని, ఒక్కరోజు చెప్పింది ఇంకోరోజు చెప్పలేదు. పుల్లంరాజు చిలకపలుకులు పలికాడు గనక బతికాడు. ఈవిడ ఏ రోజుకారోజు కొత్తగా చెప్పింది గనక కూడికలో చెదిరిపోయింది.

సువర్చల కొలతలన్నీ మళ్లీ సరిచూసింది. యంత్రం చెడిపోలేదు. చెప్పిన పని చెప్పినట్టు చేసింది. ఒకేలా ఉన్నదే విలువైనదని దానికి నేర్పింది తను. ఇరవై గజాల గోడలో పదిహేడు గజాలు పొడి చేసి, ఆ మనిషిని బస్తాల్లోకి ఎత్తింది తను. సభల్లో శాలువాలు కప్పించుకున్నది ఆ ఉపాయానికే.

మర్నాడు చూడామణి మొట్టమొదటిసారి హాలుకు వచ్చింది. మస్తాన్ మేస్త్రి కుర్చీ తెచ్చి వేశాడు. ఆవిడ కూర్చోకుండా మిగిలిన మూడు గజాల గోడ దగ్గరకు వెళ్లి నిలబడింది. సువర్చల ఉన్నదున్నట్టు చెప్పింది. ఈ మూడు గజాలతో రెండు పనుల్లో ఒకటే చేయగలం. పాత పద్ధతిలో కూడితే పుల్లంరాజు మాట గట్టిపడి బొమ్మ చివర తేలుతుంది, ఏం మార్చారో తెలిసిపోతుంది. అలా కాక ఆ ఆడమనిషి గొంతు వినాలంటే రోజుల్ని కలపకూడదు, ఒక్క రోజునే పట్టుకోవాలి. పై పొరలు ఎనభై ఏళ్ల వెల్లలూ మేకులూ తిని పాడయ్యాయి, కూడికకు సర్దుకుంటాయి గాని విడిగా పనికిరావు. ఇటుకను ఆనుకుని ఉన్న ఆఖరి పొర ఒక్కటే శుభ్రంగా ఉంది. అంటే నలభై ఒకటో రోజు. దాన్ని అందుకోవాలంటే మిగతా నలభై రోజుల్నీ మూడు గజాల మేరా గీకి పారెయ్యాలి. తీరా చేశాక అందులో మాటలు తెలుస్తాయన్న పూచీ కూడా లేదు.

“ఆ మనిషి ఎవరో తెలుసా?” అంది చూడామణి.

తెలియదంది సువర్చల. రోజూ హాలుకు వెళ్లిందని నువ్వు చెప్పిన మనిషి ఒకరున్నారు గదా అని మాత్రం అనగలిగింది.

చూడామణి చాలాసేపు గోడ మీద చెయ్యి వేసి ఉంచింది. బొమ్మ చివర ఏమైందన్నది ఆవిడకు ఎనభై ఏళ్ల ప్రశ్న. దానికి జవాబు ఇదిగో, మూడు గజాల దూరంలో ఉంది. దాన్ని వదులుకోమని ఎవరు చెప్పగలరు? మస్తాన్ మేస్త్రి తల దించుకుని తాపీతో నేల మీద గీతలు గీస్తున్నాడు.

“అమ్మే కావచ్చు,” అంది చివరికి. “కాకపోతే ఇంకో పిల్ల వాళ్లమ్మ. నలభై ఒక్క రోజులు లైను మీద నిలబడి మాట్లాడిందే, ఎవరూ ఎత్తలేదు. ఎత్తవే.”

సంస్థ డైరెక్టరు ఫోనులో మండిపడ్డాడు. సభకు పదహారు రోజులుంది, ఏడో రీలు లేకుండా ఏం చూపిస్తారన్నాడు. ఊరూపేరూ తెలియని ఆడమనిషి కబుర్ల కోసం తెలుగువాళ్ల తొలి నవ్వుల బొమ్మకు తల తెగ్గొడతారా అన్నాడు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు, సువర్చల కూడా అది ఒప్పుకుంది. ఒప్పుకుని, తప్పు నాది గనక దిద్దుకునే హక్కూ నాదే అని, ఆ మాటే రాసి పంపించి, ఫోను కట్టేసింది. ఆ ఉత్తరంతో పదకొండేళ్ల పని చేజారవచ్చని ఆమెకు తెలుసు.

ఆఖరి పొర దాకా గీకడం యంత్రం వల్ల కాలేదు. వేగంగా గీకితే కింది పొర వణికి పాడైపోతుంది. మస్తాన్ మేస్త్రి ఆ పని తన చేతికి తీసుకున్నాడు. తడిగుడ్డతో పూతను చెమ్మగిల్లజేసి, పలచటి తాపీతో, అప్పడం పిండి మీద పొడి దులిపినంత తేలిగ్గా తొమ్మిది రోజులు గీకాడు. గానుగ సున్నం పలికే తీరు ఆయనకు అరచేతిలో తెలుస్తుంది. ఇంక చాలమ్మా, ఇక్కడినుంచి రంగు మారుతోందని ఆయన అన్నచోట కొలిచి చూస్తే, సువర్చల లెక్కకూ ఆయన చేతికీ పావు వెంట్రుక తేడా. ఆ చేతికి దణ్ణం పెట్టాలనిపించిందామెకు.

పదో రోజు పొద్దున్న చెవిపెట్టెను మూడు గజాల వెడల్పునా పట్టాల మీద నడిపించారు. మధ్యాహ్నానికి గోడ మొత్తం ఎర్రటి ఇటుకై నిలబడింది. సువర్చల గొంతును శుభ్రం చేసి, స్పీకరు తిప్పి, అమ్మమ్మ కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది.

మొదట పీటలు జరిపిన చప్పుడు, పసిపిల్ల ఏడుపు, ఎవరో ఆ పిల్లను సముదాయించడం. గుడ్డతెర అవతల ఎక్కడో దూరంగా పుల్లంరాజు మొదలెట్టాడు. వెంటనే ఇటువైపు, దగ్గరగా, కొంచెం బొంగురుగా ఒక గొంతు అందుకుంది.

“ఆయన చెప్పేది బొమ్మవాళ్ల రాతలో ఉన్నది. ఉన్నది మీరు నలభై రోజులు విన్నారు. ఇవాళ జరిగింది నేను చెబుతా వినండి.”

ఇంకో గొంతు, చిన్నపిల్ల లాంటిది: “పేరిందొదినా, నిన్న అప్పన్న పెళ్లాన్ని పుట్టింటికి పంపేశావు. ఇవాళ తీసుకొచ్చెయ్యి, పాపం.”

చూడామణి కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. సువర్చల ఆపబోతే వద్దని చెయ్యి ఊపింది.

బొమ్మలో గాని, నవలలో గాని అప్పన్నకు పెళ్లామే లేదు. పేరిందేవి పుట్టించింది. తెర మీద ఏ అక్షరాలు పడినా ఆ గొంతు వాటిని లెక్కచేయలేదు. రాజ్యం పెదవి కదిపితే ఒక మాట పెట్టింది, మాధవరావు తల గోక్కుంటే దానికొక కారణం పెట్టింది. పడవలో వెనక కూర్చున్న ఎవరో ముసలాయనకు మూడు పెళ్లిళ్లూ, ఒక ఉబ్బసమూ అంటగట్టి, ఆయన కనిపించినప్పుడల్లా ఆడవాళ్లంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వించింది. అదే బొమ్మ, అవే కదలికలు, వాటి మీద ఆ పూట పుట్టిన సరికొత్త నవల. సువర్చల విజ్ఞానం చదువుకుంది గాని, ఇంత ప్రతిభ ఎదురుగా నిలబడితే గుర్తుపట్టలేనంత మొద్దు కాదు. ఈవిడ రాయడం మానలేదు. కాగితం ఒక్కటే మానింది.

నాలుగో రీలు మార్చే వ్యవధిలో ఎవరో అడిగారు, ఇంత బాగా చెబుతావు గదా, ఇంకో పుస్తకం రాయరాదా అక్కయ్యా అని.

“రాస్తే అచ్చువాడు మారుస్తాడు, బొమ్మవాడు మారుస్తాడు. ఇక్కడ చెబితే మార్చడానికి నేనొక్కదాన్నే. రోజూ మారుస్తున్నానుగా.”

అందరూ నవ్వారు. సువర్చలకు నవ్వు రాలేదు.

ఏడో రీలు వచ్చింది. లాకు గట్టు, రాజ్యం తండ్రి వచ్చినట్టున్నాడు. అవతల పుల్లంరాజు గొంతు కంపించింది. ఇన్నాళ్లూ గోలలో మునిగిన ఆ ఒక్క వాక్యం ఈ రోజున ఎందుకో ఆడవాళ్లంతా ఊపిరి బిగబట్టుకోవడం వల్ల పీలగానైనా వినబడింది. రాజ్యం తండ్రి పాదాల మీద పడింది. తండ్రీ, బుద్ధి గడ్డి తిని ఈ పని చేశాను, క్షమించమని వేడుకుంటోంది.

అయితే మార్చింది అదీ. నిటారుగా నిలబెట్టిన పిల్లను బొమ్మవాళ్లు కాళ్ల మీద పడేశారు. చూడామణి కళ్లు మూసుకుంది. ఎనభై ఏళ్ల సిగ్గు నిజమే అయినందుకు ఆ ముఖం ఒక్క క్షణం చిన్నబోయింది.

ఇటువైపు ఆ గొంతు తొందరపడలేదు. ఎంత సేపు ఆగాలో తెలిసిన మనిషి.

“ఆ అరుపులకేం గాని, రాజ్యం ఎందుకు వంగిందో నేను చెబుతా. లాకు తాళంచెవి నాన్నగారి చెప్పు కింద పడింది. ‘నాన్నగారూ, కాస్త కాలెత్తుతారా?’ అంటోంది.”

హాలు కప్పు ఎగిరిపోయింది. నవ్వు, చప్పట్లు, ఎవరో పీట మీంచి దొర్లిపడ్డ చప్పుడు. ఇదే, పుల్లంరాజును ముంచిన గోల. మగవాళ్ల వైపునుంచి కూడా నవ్వులు వస్తున్నాయి, గుడ్డతెర దాటి వాళ్లూ వింటున్నారన్నమాట. ఆ నవ్వులో ఒకావిడ నిలదీసింది, నిన్న కాల్లో ముల్లు తీయడానికి వంగిందన్నావుగా అక్కయ్యా అని.

“ముల్లు నిన్ననే తీసేసిందిగా,” అంది పేరిందేవి.

చూడామణి నవ్వింది. ముందు ముక్కులోంచి వచ్చింది, తర్వాత భుజాలు కదిలాయి, ఆ తర్వాత ఎనభై నాలుగేళ్ల ఒళ్లంతా ఊగిపోయేలా నవ్వింది. కళ్లలోంచి నీళ్లు కారి చెంపలు తడిసిపోయాయి. కొంగుతో తుడుచుకుంటే కళ్లు ఎర్రగా అయ్యాయి. తుడుచుకుంటూనే, మా అత్తయ్య ఈ కళ్లు చూసే అమ్మ ఏడ్చి వస్తోందనుకుంది మేస్త్రీ, అని చెప్పింది. మస్తాన్ మేస్త్రి అటు తిరిగి తలపాగా చెంగుతో ముఖం ఒత్తుకున్నాడు.

గోడ ఊరుకుంది. ఇంక చదవడానికి అందులో ఏమీ లేదు. నలభై ఒక్క రోజులు తండ్రి కాళ్ల దగ్గర రాజ్యం వంగింది, రోజుకొక కారణంతో పేరిందేవి ఆ పిల్లను మళ్లీ లేపి నిలబెట్టింది. అందులో ముల్లు ఒకటి, తాళంచెవి ఒకటి దక్కాయి. తక్కిన ముప్పై తొమ్మిదీ తలుపు పక్కన గోనెసంచుల్లో మూతికట్టి ఉన్నాయి. కట్టింది సువర్చలే. అంత తెలివిగల మనిషిని, అంత తెలివిగా, చెత్త కింద తీసేసింది.

ఇంక ఆపుకోలేకపోయింది. కుర్చీ ముందు మోకాళ్ల మీదికి వాలి, అమ్మమ్మ రెండు పాదాలూ పట్టుకుని తల వంచేసింది. తప్పు చేశానమ్మమ్మా, అంది.

చూడామణి ఆ వంగిన తల వైపు చూసింది. తర్వాత మస్తాన్ మేస్త్రి వైపు తిరిగింది.

“మా మనవరాలు ఎందుకు వంగిందో తెలుసా మేస్త్రీ? నా చెప్పు ఉంగటం తెగింది. పిన్నీసు పెడుతోంది.”

చెప్పు నిక్షేపంగా ఉంది. సువర్చల ఏడుస్తూనే నవ్వి, భుజం మీద చీరకున్న పిన్నీసు ఊడదీసి, ఆ చెప్పుకు పెట్టింది.